నాలుగు చక్రాలు, ఒక్క మాట

పిల్లలూ! ఒక చిన్న పని చేసి చూడండి. రెండు పాదాల మునివేళ్ళనూ లోపలికి తిప్పి పెట్టి, అలాగే పది అడుగులు తిన్నగా నడవండి. నడవగలరు, కాని హాయిగా ఉండదు. పాదాలు నేలను రాసుకుంటాయి. చెప్పులు వేసుకుని రోజూ అలా నడిస్తే అవి ఒక పక్కే అరిగిపోతాయి. మోటారు కారు చక్రాల సంగతీ ఇంతే.

కారు ముందు చక్రాలు రెండూ తిన్నగా ఉన్నట్టే కనిపిస్తాయి. నిజానికి అవి రవ్వంత లోపలికో, వెలుపలికో తిరిగి ఉండవచ్చు. ఈ తేడాను మెకానిక్కులు ‘టో’ అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు కాలి వేలు అని అర్థం. మీరు ఇప్పుడు నడిచి చూసింది అదే! చక్రాల ముందు అంచులు దగ్గరగా ఉంటే ‘టో ఇన్’, ఎడంగా ఉంటే ‘టో అవుట్’.

ఇంత చిన్న తేడాకు ఏమవుతుందిలే అనుకుంటున్నారా? లెక్క వేసి చూద్దాం. ఒక చక్రం కారు పోయే దిశకు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగి ఉన్నదనుకోండి. కారు 1 కిలోమీటరు పోయేసరికి ఆ చక్రం సుమారు 17 మీటర్లు పక్కకు పోవాలని చూస్తుంది. కారు పోనివ్వదు గదా! అంచేత టైరును ఈడ్చుకుపోతుంది. కొంతవరకు రబ్బరు వంగి సర్దుకుంటుంది. మిగిలినదంతా అరుగుదలే. తేడా డిగ్రీలో పదో వంతే అయినా, 10,000 కిలోమీటర్లు తిరిగేసరికి ఆ ఈడ్పు లెక్క 17 కిలోమీటర్లు అవుతుంది!

ఇక కారుకు ఎదురుగా నిలబడి చూడండి. చక్రం నిట్టనిలువుగా ఉండక, పైభాగం లోపలికో బయటికో వాలి ఉండవచ్చు. ఈ వాలు పేరు ‘కాంబర్’. వేగంగా మలుపు తిరిగేటప్పుడు కారు బయటి పక్కకు ఒరుగుతుంది. చక్రం కూడా దానితో ఒరిగి, టైరు అంచు మీదనే నిలుస్తుంది. ఒక్కొక్క టైరు నేలను ఆనుకునే చోటే సుమారు మన అరచేయంత. అందులోనూ సగం లేచిపోతే పట్టు ఎక్కడిది? అందుకే రేసు కార్ల చక్రాలను ముందుగానే లోపలికి వాల్చి ఉంచుతారు. మలుపులో కారు ఒరిగినప్పుడు ఆ టైరు నేలమీద చక్కగా పరచుకుంటుంది. అలాగని మరీ వాల్చేస్తే, తిన్నని దారిలో లోపలి అంచు వేడెక్కి అరిగిపోతుంది, బ్రేకు వేసినప్పుడు పట్టు చాలదు.

టో విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. ముందు చక్రాలు కొంచెం టో అవుట్‌గా ఉంటే రేసు కారు మలుపులో చురుగ్గా తిరుగుతుంది. కాని తిన్నని దారిలో అదే నష్టం. 2020 ఫిబ్రవరిలో స్పెయిన్ దేశంలోని బార్సిలోనాలో ఫార్ములా వన్ కార్లను పరీక్షిస్తుండగా జనం ఒక వింత చూశారు. మెర్సిడెస్ కారులో లూయిస్ హామిల్టన్ తిన్నని దారిలో స్టీరింగును తనవైపు లాక్కున్నాడు. మలుపు వచ్చేసరికి దాన్ని మళ్ళీ ముందుకు నెట్టాడు! లాగినప్పుడు ముందు చక్రాలు తిన్నగా అయ్యేవి, నెట్టగానే మళ్ళీ మలుపుకు సిద్ధమయ్యేవి. ఈ ఉపాయాన్ని 2021 నుంచి నిబంధనలలో నిషేధించారు. రవ్వంత కోణం కోసం ఎంత తెలివి ఖర్చు పెట్టారో చూడండి!

ఇంత సన్నని కోణాన్ని కొలవడానికి పెద్ద యంత్రాలే కావాలా? అక్కరలేదు. రేసు మెకానిక్కులు నేటికీ దారాన్ని నమ్ముతారు. ముందుగా నేల సమంగా ఉందో లేదో చూస్తారు. టైర్లలో గాలి సరిచేస్తారు. నడిపేవాడు ఎంత బరువుంటాడో అంత బరువు సీటులో పెడతారు, ఎందుకంటే బరువు పడితే చక్రాల కోణం మారుతుంది. తర్వాత కారుకు ఇరుపక్కలా, చక్రాల నడిమి ఎత్తులో, రెండు దారాలు బిగించి కడతారు. ఆ దారాల మధ్య ఎడం ముందూ వెనుకా ఒకటే ఉండాలి, కారు సరిగా వాటి నడుమ ఉండాలి. ఇప్పుడు దారం నుంచి రిమ్ము ముందు అంచుకు, వెనుక అంచుకు ఎంత దూరమో కొలుస్తారు. 18 అంగుళాల రిమ్ము మీద ఆ రెంటికీ 8 మిల్లీమీటర్ల తేడా వస్తే ఒక డిగ్రీ అన్నమాట. 1 మిల్లీమీటరు వస్తే డిగ్రీలో ఎనిమిదో వంతు. కాంబర్‌ను మారిస్తే టో కూడా మారుతుంది. అందుచేత ముందు కాంబర్ సరిచేసి, ఆ తర్వాతనే టో చూస్తారు.

ఇదంతా రేసు కార్లకేనా? కాదు. మీ ఇంటి కారు తిన్నని దారిలో ఒక పక్కకు లాగుతున్నా, కారు తిన్నగా పోతుండగా స్టీరింగు వంకరగా ఉన్నా, టైరు ఒక అంచే అరిగినా, చక్రాలు చూపించమని నాన్నగారికి చెప్పండి. లోపలి అంచు అరుగుదల బయట నిలబడితే కనిపించదు. అదే వానలో ప్రమాదం తెస్తుంది.

ఇప్పుడు మీకొక పని. సైకిలును స్టాండు వేసి, ముందు చక్రాన్ని తిన్నగా పెట్టండి. వెనుక టైరు పక్కన, నేలకు జానెడు ఎత్తులో, దారం బిగించి రెండంచులకూ తాకేలా ముందుదాకా పట్టండి. రెండో పక్కా అలాగే చెయ్యండి. ముందు టైరు దగ్గర రెండు పక్కలా దారం ఒకేలా ఉంటే మీ వెనుక చక్రం తిన్నగా ఉన్నట్టే. తేడా వస్తే పెద్దవాళ్ళకు చూపండి.

మరొక ప్రశ్న: సైకిలు ముందు ఫోర్కు నిలువుగా కాక ఏటవాలుగా ఎందుకుంటుంది? ఆలోచించి ఉంచండి. వచ్చే నెల చెప్పుకుందాం.