జొన్నరొట్టె జమాఖర్చు

బ్యాంకులో చేరిన కొత్తల్లో నేర్పే మొదటి పాఠం ఒకటుంది. ఒక ఖాతాలో జమ పడిందంటే మరో ఖాతాలో ఖర్చు పడి తీరాలి. ముప్పై ఏళ్ళుగా ఆ సూత్రమే నాకు అన్నం పెడుతోంది. తినే తిండికి కూడా అది వర్తిస్తుందని తెలిసింది మాత్రం ధన్నూరలో.

ధన్నూర బీదర్ జిల్లా భాల్కి తాలూకాలోని ఊరు. అక్కడికి మేనేజరుగా బదిలీ అయినప్పుడు మా వంటింటి సామానులో సగం డబ్బాలూ ప్యాకెట్లే. పొద్దున కార్న్‌ఫ్లేక్స్, సాయంత్రం బిస్కెట్లు, ఆదివారం పిల్లలకు నూడుల్స్. ఆ ఏడాదే రక్తపరీక్షలో నాకు షుగరు హద్దు మీద ఉందని తేలింది. డాక్టరుగారు మందు రాయలేదు. "ముందు వంటింటి సంగతి చూసుకోండి" అన్నారు.

ఆ సంగతి తెలిసి ఇంటి ఓనరమ్మగారు జొన్నరొట్టె, "పుండి పల్లె" పంపారు. అదేదో కన్నడ వంటకం అనుకుని మూత తీస్తే మన పుంటికూరే! కోస్తా వాళ్ళ గోంగూర. ఇందులో వింత లేదు. 1956 నవంబరు 1న బీదర్ మైసూరు రాష్ట్రానికి పోతే, అంతవరకూ బీదర్ జిల్లాలోనే ఉన్న జహీరాబాద్ మెదక్ జిల్లాలో కలిసింది. గీత నేల మీద పడిందిగాని కంచంలో పడలేదు.

రొట్టె బాగుంది. "రేపటినుంచి రాత్రిళ్ళు ఇదే" అని ప్రకటించాను.

మా ఆవిడ శాంతంగా అంది: "మంచిదేనండీ. రోజూ కొట్టేదెవరు?"

జవాబు లేకపోయింది. గోధుమపిండికున్న సాగుడు జొన్నపిండికి లేదు. మసిలే నీళ్ళు పోసి కలపాలి, చేత్తో తట్టాలి, పెనం మీద వేసి పైన తడిగుడ్డతో అద్దాలి. పిండి పాతబడితే రొట్టె విరిగిపోతుంది కనుక వారం వారం గిర్నికి పోవాలి. నా ఆరోగ్యం నా ఖాతాలో జమ. ఖర్చంతా ఆవిడ చేతుల మీద. ప్యాకెట్ తిండి మన ఇళ్ళలోకి ఊరికే రాలేదు. ఆడవాళ్ళకు అరగంట విశ్రాంతి ఇచ్చింది కనుక వచ్చింది. ఆ మాట ఒప్పుకోకుండా "మన అమ్మమ్మల వంట" అని ఉపన్యాసాలిస్తే అది దొంగలెక్క.

చివరికి గిర్ని పని, పిండి కలిపే పని నావి అయ్యాయి. తట్టడం నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. మొదట్లో నా రొట్టెలు భారతదేశ పటంలా వచ్చేవి!

రెండో ఖర్చు పొలంలో కనబడింది. పంటరుణం తనిఖీకి ఒక కందిచేనుకు వెళ్ళాను. ఎకరమంతా పురుగుమందు వాసన. గట్టు పక్కన రెండు గుంటలు మాత్రం వేరుగా ఉన్నాయి. అడిగితే రైతు దాచలేదు. "అది మా ఇంటికి సారూ, మందు కొట్టం. ఇది బజారుకు." ఆ బజారు మనమే. ఆ మందుకు పెట్టుబడి లెక్కగట్టి రుణం మంజూరు చేసిన సంతకం నాదే. "అంతా అలాగే వేయొచ్చుగా?" అన్నాను. "పురుగు తింటే నష్టం మీరు కడతారా?" అన్నాడు.

సరిగ్గా ఆ నష్టాన్ని పంచుకోవడం జహీరాబాద్ ప్రాంతపు ఆడవాళ్ళు నేర్చుకున్నారు. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. బీడు భూములు బాగుచేసి జొన్న, సజ్జ, కొర్ర, పప్పుధాన్యాలు రసాయనాలు లేకుండా కలిపి పండించారు. 1990లలో వాళ్ళు నడిపిన ధాన్యనిధిలో అప్పు తిరిగి కట్టింది జొన్నల్లో! ఆ జొన్నలే ఊళ్ళోని పేదలకు తక్కువ ధరకు అందాయి. ఒక్కరి నష్టభయం ఊరంతటికీ పంచబడింది. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్ళకు దక్కింది. బ్యాంకరుగా నాకు అసూయ కలిగించిన వసూలు విధానం అది.

అన్నట్టు, జొన్న మందు కాదు. అదీ పిండిపదార్థమే, అతిగా తింటే షుగరు ఊరుకోదు. విసరడం, ఎండబెట్టడం, తోడుపెట్టడం కూడా ప్రాసెసింగే కనుక మార్పు చేసిన తిండంతా చెడ్డదీ కాదు. పొట్టూ పీచూ తీసేసి ఉప్పు, చక్కెర, నూనె దట్టించిన సరుకుతోనే పేచీ. మన దేశపు జబ్బుల భారంలో 56.4 శాతం సరిలేని తిండి వల్లనేనని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి సూచనల్లో అంచనా వేసింది.

ఊరుగాని ఊళ్ళో ఉన్న మనం ఏం చేయగలం? "ఆర్గానిక్" అని రాసిన ఖరీదైన ప్యాకెట్ ఒక్కటే దారి కాదు. నలుగురున్న ఇంటికి రాత్రిపూట రొట్టెలకు నెలకు పన్నెండు కిలోల జొన్నలు చాలు. నాలుగు కుటుంబాలు కలిస్తే క్వింటాలు రెండు నెలలొస్తుంది. దగ్గరి పల్లెలో ఒక రైతును వెతికి, విత్తే ముందే మాట ఇచ్చి, కొంత బయానా కట్టండి. పంట తగ్గినా ఆ సొమ్ము వెనక్కి అడక్కండి. ఇంట్లో మగపిల్లలకు పిండి కలపడం నేర్పండి.

ధన్నూరనుంచి బదిలీ అయినా పిండి పళ్ళెం ఇంకా నా ముందుకే వస్తోంది. షుగరు హద్దు దాటలేదు. మా ఆవిడ నా రొట్టెను ఇప్పుడు ఎవరికీ చూపించి నవ్వడం లేదు. నాకు అదే పెద్ద జమ.