సన్నగుంటే సరిపోతదా?

శనివారం మధ్యాహ్నం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో బండి పెట్టుకోవడానికి జాగా దొరికిందంటే ఆ రోజు మీ జాతకం బాగున్నట్టే. నాకు దొరకలేదు. ప్యారడైజ్ మెట్రో దగ్గర బండి వదిలేసి, చెల్లెను వెంటబెట్టుకుని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా నడిచాను. సీటీసీ అంటే మీకూ తెలిసే ఉంటుంది. మనలో చాలామంది మొదటి పెన్‌డ్రైవ్, మొదటి మౌస్, మొదటి ల్యాప్‌టాప్ బేరం ఆడింది అక్కడే.

చెల్లె అంటే మా చిన్నాన్న బిడ్డ. ఈసీఈ అయిపోయింది. నెట్‌వర్క్, సీసీ కెమెరాల పనులు చేసే ఒక చిన్న కంపెనీలో ట్రైనీగా ఉద్యోగం వచ్చింది. ల్యాప్‌టాప్ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలట. చిన్నాన్నకు జనగామలో కిరాణా షాపు. ముందురోజు రాత్రి ఫోన్ చేశాడు.

"చీటీ ఎత్తిన్రా. లచ్చ చీటీ, పాటల పోంగ డెబ్బై వేలొచ్చినయ్. నాకేం తెల్వదు, నువ్వే చూసి కొనియ్యి. మళ్ల రెండేండ్లకు ఇంకోటంటే నాతోని కాదు."

ఇరవై నెలల చీటీ నాలుగో నెలలోనే ఎత్తాడు. అంటే ఇంకా పదహారు నెలలు, నెలకు ఐదు వేలు కడుతూనే ఉండాలి. నాకు ఆ లెక్క మనసులో పడింది గానీ, షాపులోకి అడుగు పెట్టగానే మర్చిపోయాను. ఎందుకంటే ఎదురుగా అద్దాల అరలో ఒక పల్చటి ల్యాప్‌టాప్ మెరుస్తోంది. కిలోకు కాస్త ఎక్కువ బరువు. అల్యూమినియం బాడీ. పక్కన రెండు టైప్-సి పోర్టులు, ఒక హెడ్‌ఫోన్ జాక్. అంతే.

"ఇది తీస్కుందాం. ఆఫీసుల ఇదే ఉంటది అందరికీ" అన్నాను.

షాపు భాయ్ నావైపు చూడలేదు. చెల్లెను అడిగాడు. "పని ఏముంటదమ్మా నీకు?"

ఇంటి నుంచి ఇక్కడిదాకా వస్తూ నేను అడగని ప్రశ్న అది.

పదకొండు నిమిషాలు

నిజానికి ఆ ప్రశ్న విలువ అందరికంటే నాకే బాగా తెలియాలి. కిందటేడు ఒక క్లయింట్ దగ్గర డెమో ఇవ్వడానికి వెళ్లాను. మూడు నెలల పని. నా ల్యాప్‌టాప్‌కి రెండే పోర్టులు, రెండూ టైప్-సి. బ్యాగులో హెచ్‌డీఎంఐ డాంగిల్ ఉంది కాబట్టి ధీమాగా ఉన్నాను. తీరా కాన్ఫరెన్స్ రూమ్‌లో టేబుల్ మీదికి వచ్చిన కేబుల్ చూస్తే వీజీఏ. అదే, పదిహేను పిన్నులు, రెండు పక్కలా తిప్పి బిగించే స్క్రూలు ఉండే నీలం రంగుది. ఐబీఎం వాళ్లు 1987లో తెచ్చారు దాన్ని. నాకంటే పెద్దది.

ఎవరో పరుగెత్తి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే ఇంకో ముక్క తెచ్చారు. డాంగిల్‌కి అది, దానికి కేబుల్. బొమ్మ వచ్చింది, గులాబీ రంగులో. కాస్త కదిపితే పోయింది. మళ్లీ వచ్చింది. మా మేనేజర్ గోడ గడియారం చూస్తున్నాడు. చివరికి రిసెప్షన్‌లో ఉన్న పాత లావు ల్యాప్‌టాప్ తెచ్చి, నా ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించబోతే, నా దాంట్లో పెన్‌డ్రైవ్ పెట్టే పోర్టే లేదు! డాంగిల్ మళ్లీ పీకి, అందులో గుచ్చి, కాపీ చేసి... మొత్తం పదకొండు నిమిషాలు. డెమో బాగానే అయింది. కానీ ఆ గదిలో వాళ్లు గుర్తుపెట్టుకున్నది నా కోడ్‌ని కాదు, ఆ గులాబీ తెరని.

అయినా సీటీసీలో నా చెయ్యి మళ్లీ సన్నదాని మీదికే వెళ్లింది. అలవాటు అలాంటిది మరి.

తీసినవాళ్లే మళ్లీ పెట్టారు

మా ఆఫీస్ క్యాంటీన్‌లో దీనిమీద ఎప్పుడూ రెండు పార్టీలు ఉంటాయి. ఒక పార్టీ వాళ్లు "అంతా టైప్-సి అయిపోతుంది, పాత పోర్టులు దండగ" అంటారు. రెండో పార్టీ వాళ్లు "నా పెన్‌డ్రైవ్, నా మౌస్, నా ప్రొజెక్టర్ సంగతేంటి?" అంటారు.

మొదటి పార్టీకి పెద్దదిక్కు యాపిల్. 2016లో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోలో హెచ్‌డీఎంఐ, ఎస్డీ కార్డు స్లాటు, మామూలు యూఎస్‌బీ అన్నీ తీసేశారు. మోడల్‌ని బట్టి రెండో నాలుగో టైప్-సి పోర్టులు, ఒక హెడ్‌ఫోన్ జాక్ మిగిలాయి. లక్షన్నర పైన పెట్టి కొన్నవాళ్లు డాంగిళ్ల సంచి మోసుకుని తిరిగారు. ఐదేళ్ల తర్వాత 2021లో కొత్త మ్యాక్‌బుక్ ప్రో వచ్చింది. చూస్తే హెచ్‌డీఎంఐ తిరిగొచ్చింది. కార్డు స్లాటు తిరిగొచ్చింది. అయస్కాంతంతో అతుక్కునే ఛార్జరూ తిరిగొచ్చింది. ప్రపంచం మారే వేగాన్ని అంత పెద్ద కంపెనీయే తప్పు అంచనా వేస్తే, మనమెంత?

అలాగని టైప్-సిని తిట్టడం లేదు. మామూలు యూఎస్‌బీ 1996లో వచ్చింది. బరోడాలో చదివి ఇంటెల్‌కి వెళ్లిన అజయ్ భట్ దాన్ని తయారుచేసిన బృందంలో ముఖ్యుడు. మనలాంటి కోట్లమందికి ఉపయోగపడింది గానీ, ఏ వైపు గుచ్చినా మూడోసారికి గానీ దూరదు. 2014లో వచ్చిన టైప్-సితో ఆ బాధ పోయింది. ఫోనుకి, ఇయర్‌బడ్స్‌కి, ల్యాప్‌టాప్‌కి ఒకటే ఛార్జర్. యూరోపియన్ యూనియన్ అయితే ఏకంగా చట్టమే చేసింది. 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకు, 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకు ఛార్జింగ్ టైప్-సితో జరగాల్సిందే. కాబట్టి ఇప్పుడు కొనే ల్యాప్‌టాప్‌లో టైప్-సి ఛార్జింగ్ ఉండాలి. ఊరెళ్లినప్పుడు ఛార్జర్ మర్చిపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకోవచ్చు.

మొహం ఒకటే, గుణం వేరు

కాకపోతే ఒక చిక్కు. టైప్-సి అనేది ఆకారం పేరు మాత్రమే. లోపల ఏముందో మొహం చూసి చెప్పలేం. కవల పిల్లల్లా ఉంటాయి, ఒకడు ఇంజినీరు, ఒకడు పనికిమాలినోడు. కొన్ని టైప్-సి పోర్టులు సెకనుకు 480 మెగాబిట్లే మోస్తాయి. కొన్ని 5 గిగాబిట్లు, కొన్ని 10. థండర్‌బోల్ట్ 4 అయితే 40. కొన్నింటికి మానిటర్ తగిలిస్తే బొమ్మ వస్తుంది, కొన్నింటికి రాదు. కొన్ని ల్యాప్‌టాప్‌ని ఛార్జ్ చేస్తాయి, కొన్ని చెయ్యవు. కేబుళ్లదీ ఇదే కథ. ఫోన్‌తో వచ్చిన వైరు ల్యాప్‌టాప్‌కి పెట్టి "ఛార్జ్ ఎక్కట్లేదు" అని నాకు ఫోన్ చేసిన బంధువులు చాలామందే ఉన్నారు.

అందుకే షాపులో "టైప్-సి ఉందా?" అని అడగకండి. మూడు ప్రశ్నలు అడగండి. దీంతో ఛార్జ్ అవుతుందా? దీంతో మానిటర్ వస్తుందా? స్పీడ్ ఎంత? సమాధానం నోటితో చెబితే నమ్మకండి. మోడల్ నంబరు కొట్టి, కంపెనీ వాళ్ల స్పెసిఫికేషన్ పేజీ మీ ఫోన్‌లోనే చూడండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా పోర్టులు మారిపోతాయి.

నిచ్చెన మీద డాంగిల్

సరే, మళ్లీ షాపులోకి వద్దాం. భాయ్ అడిగిన ప్రశ్నకు చెల్లె చెప్పిన జవాబు నేను ఊహించలేదు. అదే కంపెనీలో నెల రోజులు ఇంటర్న్‌షిప్ చేసింది కాబట్టి దానికి పని తెలుసు.

"స్కూళ్లల్ల, గోదాములల్ల స్విచ్‌లు, కెమెరాలు పెడతం. కొత్త స్విచ్ డబ్బాలకెళ్లి తీసినంక దానికి వైఫై ఉండది గద. కేబుల్ గుచ్చి ల్యాప్‌టాప్‌ల సెట్ చేయాలె."

అవును కదా! ఊరందరికీ వైఫై ఇచ్చే మనిషికి ఆ టైంలో వైఫై ఉండదు. నేను రోజంతా కుర్చీలో కూర్చుని కోడ్ రాసేవాణ్ణి. ల్యాన్ పోర్టు వాడి నాలుగేళ్లయింది. దాన్ని పాతకాలం వస్తువు అనుకుంటున్నాను. చెల్లెకు అది పనిముట్టు. వడ్రంగికి ఉలి ఎలాగో అలా. పాత స్విచ్‌లైతే కన్సోల్ కేబుల్ వేరే ఉంటుంది, దాని రెండో కొస మామూలు యూఎస్‌బీ.

నేను అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "టైప్-సికి ల్యాన్ అడాప్టర్ దొరుకుతది. వెయ్యి రూపాయల్ల పని. దానికోసం లావు ల్యాప్‌టాప్ ఎందుకు?"

"అన్నా, ర్యాక్ గోడకు ఎత్తుల ఉంటది. నిచ్చెన ఎక్కి ఒక చేత్తోని ల్యాప్‌టాప్ పట్టుకుంటం. ఆ డాంగిల్ ఎక్కడ యేలాడేసుకోవాలె? చెవులకా?"

షాపు భాయ్ పకపకా నవ్వాడు. తన వంతుగా ఇంకోటి కలిపాడు. కొన్ని అడాప్టర్లకు డ్రైవర్ కావాలి. డ్రైవర్ దించుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ కోసమే కదా ఆ అడాప్టర్!

నేను ఓడిపోయాను.

ఇంకో సంగతి కూడా భాయే చూపించాడు. అద్దాల అరలోని సన్న ల్యాప్‌టాప్‌లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది. ఎనిమిది జీబీ అంటే జీవితాంతం ఎనిమిది జీబీయే. వెనకున్న లావుదాంట్లో రెండు ర్యామ్ స్లాట్లు. స్క్రూలు విప్పి ఇంకో కర్ర గుచ్చితే పదహారు, ముప్పైరెండు. ఎస్‌ఎస్‌డీ కూడా మార్చుకోవచ్చు. బ్యాటరీ ఉబ్బితే పార్క్‌లేన్‌లోనే అరగంటలో మార్పించుకోవచ్చు. అప్పుడు నాకు చిన్నాన్న మాట మళ్లీ గుర్తొచ్చింది. రెండేండ్లకు ఇంకోటంటే నాతోని కాదు. చీటీ కట్టడం అయిపోయాక కూడా ల్యాప్‌టాప్ బతికుండాలి. పోర్టుల గురించి గంటలు గంటలు వాదించుకుంటాం గానీ, ఎక్కువ మంది మోసపోయేది ఈ ర్యామ్ దగ్గరే.

చివరికి తీసుకున్నది ఇదీ. రెండు మామూలు యూఎస్‌బీలు, ఛార్జింగు, డిస్‌ప్లే రెండూ ఇచ్చే ఒక టైప్-సి, ఒక హెచ్‌డీఎంఐ, నిండు సైజు ల్యాన్ పోర్టు, హెడ్‌ఫోన్ జాక్, కెమెరాకు మూసుకునే చిన్న తలుపు. ఉన్న ఎనిమిది జీబీకి ఇంకో ఎనిమిది వేయించాం. బరువు కిలో ఏడువందలు. అన్నీ కలిపి అరవై రెండు వేలు. పోగొట్టుకున్నవీ చెప్పాలి కదా. తెర కాస్త వెలవెలబోయినట్టు ఉంటుంది. సినిమా చూస్తే ఆ మజా రాదు. బాడీ ప్లాస్టిక్. బ్యాటరీ సన్నదానికంటే గంటన్నర తక్కువ. ఏదీ ఊరికే రాదు.

బిల్లు కట్టాక చిన్నాన్నకు వీడియో కాల్ చేశాం. తెర మీద చూసి, "గింత లావున్నదేంది? పాతది అంటగట్టిండా ఏంది?" అన్నాడు. చెల్లె సర్దిచెప్పింది.

మీరు కొనేముందు

ఇది చదివి మీరు కూడా లావుదే కొనాలని కాదు. నాలాగా ఇంట్లో మానిటర్, ఆఫీస్‌లో మానిటర్, మధ్యలో మెట్రో అనే బతుకైతే రెండు మంచి టైప్-సి పోర్టులు చాలు. బరువు తగ్గితే భుజానికి సుఖం. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకు కార్డు స్లాటు లేకపోతే నరకం. కాలేజీల్లో పాఠం చెప్పేవాళ్లకు హెచ్‌డీఎంఐతో పాటు బ్యాగులో ఒక వీజీఏ ముక్క తప్పదు. ప్రొఫెషనల్ ల్యాప్‌టాప్ అని డబ్బా మీద కంపెనీవాడు రాస్తాడు. ఏ ప్రొఫెషన్‌కో రాయడు.

అందుకే ఒక చిన్న పని చెయ్యండి. యూట్యూబ్ రివ్యూ పెట్టుకునే ముందు, కిందటి నెలలో మీ ల్యాప్‌టాప్‌కి ఏమేం గుచ్చారో ఒక కాగితం మీద రాయండి. ఛార్జర్, మౌస్, పెన్‌డ్రైవ్, ప్రొజెక్టర్, ఫోను, అన్నీ. వాటిలో నలుగురి ముందు గుచ్చాల్సి వచ్చినవాటి కింద గీత పెట్టండి. గీత పడినవన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి. మిగతావాటికి డాంగిల్ సరిపోతుంది.

మొన్న చెల్లె దగ్గర్నుంచి ఒక ఫొటో వచ్చింది. ఏదో స్కూలు వరండా. బోర్లించిన పెయింటు బకెట్ మీద లావు ల్యాప్‌టాప్, దానికి నీలం కేబుల్, పోర్టు పక్కన చిన్న ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. కింద ఒకటే మాట రాసింది.

"వచ్చింది అన్నా."

నేను ఆ టైంలో ఆఫీస్‌లో ఉన్నాను. డాంగిల్ ఎక్కడ పెట్టానా అని బ్యాగంతా వెతుక్కుంటున్నాను.