రూపము చూచి విడిచిన గుఱ్ఱము



నలోపాఖ్యానము చదివినవారికి బాహుకుడు గుఱ్ఱములను ఏరిన ఘట్టము జ్ఞాపకముండును. దమయంతి పునస్స్వయంవరమునకు ఒక్క దినములో విదర్భ చేరవలెనని ఋతుపర్ణుడు తొందరపడగా, బాహుకుడు బక్కచిక్కిన హయములను తెచ్చి నిలిపెను. రాజు వానిని చూచి శంకించెను. కాని సాయంకాలమునకు రథము విదర్భ చేరెను. ఇట్టి వృత్తాంతమే యొకటి యూరపు ఖండమున నిజముగా జరిగినది.

మన హైదరాబాదు మలకపేటలో 1886లో, ఆరవ నిజాము కాలమున, గుఱ్ఱపు పందెముల మైదానము వెలసినది గదా. అట్టిచోట్ల పరుగెత్తు జాతిగుఱ్ఱములను థరోబ్రెడ్ గుఱ్ఱములందురు. ఇంగ్లండులోని గోడిగలకును, అరబ్బు మొదలగు తూర్పుదేశపు మగగుఱ్ఱములకును 17, 18 శతాబ్దములలో కలిగిన సంతతియే ఈ జాతి.

ఈ జాతిలో 1874 మార్చి 17వ తేదీన హంగేరీ దేశమున నొక ఆడుపిల్ల పుట్టెను. దాని పేరు కించెమ్. వినుటకు మన 'కొంచెము' వలె నుండును గాని, ఆ దేశభాషలో 'నా నిధి' యని యర్థము. యజమానుడు బ్లాస్కోవిచ్ దొర ఆ యేటి పిల్లలనన్నిటిని అమ్మజూపగా, కొనవచ్చిన ప్రభువు రెండింటిని మాత్రము వలదని మిగిలినవానిని తోలుకొనిపోయెనట. ఆ రెండింటిలో కించెమ్ ఒకటి. దాని సన్నని పొడుగు రూపము ఆయన కంటికి ఆనలేదు.

అది 1876లో రెండేండ్ల ప్రాయమున పందెములకు దిగినది. 1879 వఱకు 54 పందెములు పరుగెత్తి, 54ను గెలిచినది. రైలుబండిలో దేశదేశములు తిరిగి, 1878లో ఇంగ్లండున గుడ్‌వుడ్ కప్పును, ఫ్రాన్సున డోవీల్ బహుమానమును, జర్మనీలోని బాడెన్ నగరమున 1877 మొదలు వరుసగా మూడేండ్లు గొప్ప బహుమానమును గైకొన్నది. 1878లో బాడెన్‌లో మఱియొక గుఱ్ఱముతో సమముగా గమ్యము చేరగా, వెంటనే మరల పరుగెత్తి జయించినది. పెంపుడు పిల్లి తోడు లేనిదే అది ప్రయాణమునకు కదలెడిది కాదనియు, ఇంటి నీరు తప్ప త్రాగెడిది కాదనియు చెప్పుదురు. దాని కూతురొకటి 1885లో జర్మను డెర్బీ గెలిచినది. కించెమ్ తన పుట్టినదినముననే, 1887 మార్చి 17న, కన్నుమూసెను. దాని యస్థిపంజరమును బుడాపెస్టులోని వ్యవసాయ ప్రదర్శనశాలలో నిలిపియున్నారు.

ఆడుపిల్లల విషయమున గుఱ్ఱము కథ యేల యందురా? మా కరీంనగరమున నైనను, మీ యూర నైనను, పెండ్లిచూపులలో మనము చేయునదేమి? నడిపించి చూతుము, నవ్వించి పలువరుస చూతుము, రంగు పరికింతుము, ఫలాహారము ముగించి 'తెలియజేసెద'మని లేచిపోదుము. సంతలో గుఱ్ఱమును చూచుటకును దీనికిని భేదమెంత? కించెమ్ పందెములలో పరుగెత్తి తనను వలదన్న ప్రభువునకు బదులు చెప్పెను. మన పిల్ల యెచ్చట బదులు చెప్పును? వంటయింట కన్నీరు తుడుచుకొని మరల కాఫీ పళ్లెరము పట్టుకొనుటయే దానికి గతి.

చూపులకు ముందుగా నడచునది వరుని తల్లులమైన మనమే. ఈ మారు వెళ్లినపుడు ఆ పిల్ల యేమి చదివినదో, దేనియందు నేర్పు గలదో, దానికేది యిష్టమో ముందుగా అడుగుదము. రంగు సంగతి దీపము వెలుగున నెటులను కనబడును.