మూటగట్టిన దత్తాంశము

అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రములకును, నారాయణగూడ హాస్టళ్లకును సాఫ్ట్‌వేర్ వ్రాసియిచ్చు యువకులలో నేడొక అభిప్రాయము వేరూనియున్నది. విద్యార్థి వివరములకు వేర్వేరు కాలమ్‌లు ఏర్పరచుట వృథాశ్రమ యనియు, సమస్తమును జేసన్‌గా కూర్చి ఒక్క టెక్స్ట్ కాలమ్‌లో వేసిన చాలుననియు, రేపు కొత్త వివరము వచ్చినను పట్టికను ముట్టనక్కరలేదనియు వారందురు. ఈ మాట వినుటకింపుగా నున్నను, నేటి శ్రమను రేపటివాని నెత్తిన రుద్దుటయే దీని ఫలితము.

నగర కేంద్ర గ్రంథాలయమున పోటీ పరీక్షలకు చదువుచు, చిరునామాలో తన పేటను 'చిక్కడపల్లి' యని తెలుగులో వ్రాసిన యభ్యర్థిని తీసికొందము. పీహెచ్‌పీలోని జేసన్ ఎన్‌కోడ్ గాని, పైథాన్‌లోని జేసన్ డంప్స్ గాని, మనము ప్రత్యేకముగా చెప్పనిచో, తెలుగక్షరమును యథాతథముగా నుంచదు. 'చ'కారమును బ్యాక్‌స్లాష్, యు, 0, సి, 1, ఎ యను ఆరు గుర్తులుగా మార్చివేయును. గుడులతోను పొల్లులతోను కలిపి 11 యూనికోడ్ సంకేతములు గల యా పేరు, యూటీఎఫ్-8లో 33 బైట్లతో పోవలసినది, 66 బైట్లయి కూర్చుండును. స్థలనష్టమును క్షమింపవచ్చును. కాని ఆ కాలమ్‌లో 'చిక్కడపల్లి' యని లైక్ పెట్టి వెదకిన గుమాస్తాకు అట్టి వరుస యొక్కటియు దొరకదు. పేట నిండ నభ్యర్థులున్నను యంత్రము లేరనును! తన భాషలో చిరునామా వ్రాసికొన్నందుకు మనిషి లెక్కలో లేకుండ పోవుటను నేను సహింపజాలను.

ఫీజులను టెక్స్ట్‌గానే తీసి వరుస పేర్చినచో 10000 ముందును, 9000 వెనుకను వచ్చును. లేని బ్యాచ్ సంఖ్య వేసినను, ఫిబ్రవరి 31 గడువని వ్రాసినను అడ్డుచెప్పు నియమముండదు. 1970లో ఐబీఎం శాస్త్రజ్ఞుడు ఎడ్గర్ కాడ్ సంబంధ నమూనాను ప్రతిపాదించుచు, ప్రతి గడియందును విడదీయనక్కరలేని విలువ యుండవలెనని కోరినది ఛాందసముచేత గాదు.

డేటాబేస్‌లే జేసన్‌ను ఆదరించినవి గదా యని కొందరందురు. 2014లో పోస్ట్‌గ్రెస్ 9.4 జేసన్‌బీ నిచ్చినది. మరుసటి యేడు మైఎస్‌క్యూఎల్ 5.7 జేసన్ రకము నిచ్చినది. టెక్స్ట్ చాలియుండిన, వారికీ ప్రయాస యేల? జేసన్‌బీ తప్పు జేసన్‌ను త్రోసిపుచ్చును, ఖాళీలను పట్టించుకొనదు, సూచికకు లొంగును.

బ్యాంకు పంపిన చెల్లింపు జవాబును సాక్ష్యముగా అక్షరము చెడకుండ దాచదలచినచో టెక్స్టే యుక్తము. దానితో నాకు పేచీ లేదు. పేరు, పేట, బ్యాచ్, ఫీజు, గడువు మాత్రము కాలమ్‌లుగానే యుండవలెను. పట్టికను ముట్టుటకు భయమా? డీఫాల్ట్ లేని కొత్త కాలమ్‌ను చేర్చునపుడు పోస్ట్‌గ్రెస్ పాత వరుసలను తిరిగి వ్రాయనైనను వ్రాయదు.