గాలానికీ ఒక ధర్మముంది

అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వాయవ్య మూలన వాషింగ్టన్ రాష్ట్రం ఉంది. పసిఫిక్ మహాసముద్రపు జలాలు అక్కడ భూభాగంలోకి చొచ్చుకొని వచ్చి, ఎన్నో పాయలుగా చీలి, దీవులను చుట్టుకొని ఉంటాయి. ఆ ఉప్పునీటి పాయల సముదాయానికి ప్యూజెట్ సౌండ్ అని పేరు. సియాటిల్ నగరం దాని ఒడ్డునే వెలసింది. ఉద్యోగాల నిమిత్తం వెళ్ళి ఆ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. వేసవి వచ్చిందంటే తెల్లవారుజామునే ఆ నీటిమీద చిన్న చిన్న మరపడవలు బారులు తీరుతాయి. ఒక్కొక్క పడవలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వారికి చేపలు పట్టడం వృత్తి కాదు. వారిలో ఉపాధ్యాయులుంటారు, వడ్రంగులుంటారు, ఇంజనీర్లుంటారు. సెలవు దినాన సాల్మన్ చేపకు గాలం వేయడం వారికి వినోదం.

ఆకలి తీర్చుకోవడానికి చేపను పట్టే మనిషిని ఎవరూ తప్పు పట్టరు. మరి వినోదానికి పట్టే మనిషి మాటేమిటి? అందునా ఆ చేప నానాటికీ తరిగిపోతున్నప్పుడు అతని వినోదానికి చోటు ఉండాలా? ఈ ప్రశ్నకు రెండు తేలిక సమాధానాలున్నాయి. వేటను పూర్తిగా నిషేధించాలన్నది ఒకటి. పౌరుని సరదాకు ప్రభుత్వం అడ్డు రాకూడదన్నది రెండవది. ఈ రెండూ సరైనవి కావని నా అభిప్రాయం. వినోదం ఉండవచ్చు; కాని అది వరుసలో చివర నిలబడడం నేర్చుకోవాలి.

ముందుగా ఆ చేప జీవితాన్ని తెలుసుకోవాలి. పసిఫిక్ సాల్మన్ మంచినీటి వాగులో, గులకరాళ్ళ నడుమ గుడ్డు నుండి పుడుతుంది. కొంత ఎదిగిన తరువాత ప్రవాహం వెంట సముద్రానికి చేరుతుంది. అక్కడ సంవత్సరాల తరబడి తిరిగి, బలిసి, చివరకు తాను పుట్టిన నదినే వెదుక్కుంటూ వస్తుంది. తన నదీ జలపు వాసనను గుర్తుపట్టి ఆ దారి తెలుసుకుంటుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. నదిలోకి ప్రవేశించాక ఆహారం ముట్టదు. ప్రవాహానికి ఎదురీది, పుట్టినచోట గుడ్లు పెట్టి మరణిస్తుంది. ఈ జాతులలో అన్నింటికన్నా పెద్దది చినూక్. దానినే రాజ సాల్మన్ అని కూడా అంటారు. పడవలవారు కోరుకునేది ప్రధానంగా దీనినే.

వారు గాలం వేసే పద్ధతి ఓర్పుతో కూడినది. పడవను మెల్లగా నడుపుతూ, బరువైన లోహపు గుండు సాయంతో ఎరను లోతుకు దింపుతారు. నీటిలో గిరగిర తిరుగుతూ తళతళలాడే రేకు ఒకటి ఎరకు ముందు కట్టి ఉంటుంది. దాని మెరుపు చూసి చేప దగ్గరకు వస్తుంది. గంటలు గడిచినా ఏమీ పడకపోవచ్చు. పడిన క్షణాన మాత్రం గాలపు కర్ర విల్లులా వంగుతుంది. చేప పరుగు తీసిన కొద్దీ దారం వదులుతూ, అది అలసిన కొద్దీ చుట్టుకుంటూ, మెల్లగా పడవ పక్కకు తీసుకొని వస్తారు.

అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది. సాల్మన్ వీపు మీద, తోకకు చేరువలో, చిటికెనవేలి కొసంత చిన్న కండ రెక్క ఒకటి ఉంటుంది. చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాలలో పెంచి వదిలే సాల్మన్‌లలో అధిక భాగానికి ఈ రెక్కను పసితనంలోనే కత్తిరిస్తారు. ప్యూజెట్ సౌండ్‌లో పలుచోట్ల చినూక్ వేటకు ఈ గుర్తే ఆధారం. రెక్క లేకుంటే అది పెంపకపు చేప. దానిని ఇంటికి తీసుకొని వెళ్ళవచ్చు. రెక్క ఉంటే దానిని సహజంగా నదిలో పుట్టిన చేపగానే పరిగణించాలి. పడవలోకి ఎక్కించకుండా, నీటిలోనే గాలం తప్పించి వదిలివేయాలి. అందుకే గాలానికి వెనుక ముల్లు ఉండకూడదని నియమం.

ఆ సన్నివేశాన్ని ఊహించండి. ఉదయం నుండి ఎదురుచూసిన చేప చేతికి అందే దూరంలో ఉంది. కనుచూపు మేరలో అధికారి లేడు. పక్క పడవ ఎక్కడో ఉంది. చేప వీపు మీద రెక్క కనిపిస్తోంది. అప్పుడు ఆ మనిషి ఏమి చేస్తాడు? చట్టం పుస్తకంలో ఉంటుంది; ధర్మం మాత్రం ఆ పడవలో, ఆ మనిషి చేతిలో ఉంటుంది. ఎవరూ చూడనిచోట చేపను వదలగలిగినవాడే నిజమైన క్రీడాకారుడు. చేపను పట్టడం నేర్పు, వదలడం సంస్కారం.

ఇంతటి నియమాలు ఎందుకు అవసరమైనాయి? ప్యూజెట్ సౌండ్‌లోని చినూక్‌ను అమెరికా ప్రభుత్వం 1999లో ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించింది. దీనికి గాలాలే కారణమని ఎవరూ అనరు. ఒకప్పటి మితిమీరిన వేటతోపాటు నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టలు, నరికివేసిన అడవులు, పూడ్చివేసిన నదీముఖాల చిత్తడి నేలలు, నగరాల కాలుష్యం అందుకు కారణాలు. కోహో అనే మరొక జాతి సాల్మన్ వానలు పడగానే నగర వాగుల్లో గుడ్లు పెట్టకుండానే చనిపోతూ ఉండేది. వాహనాల టైర్లలో కలిపే ఒక రసాయనం ఓజోన్ వాయువుతో చర్య జరిపి విషంగా మారి, వాన నీటితో వాగుల్లో చేరడమే దానికి కారణమని శాస్త్రజ్ఞులు 2020లో వెల్లడించారు.

కనుక పడవలోని మనిషి, 'చేపను చంపింది నేను కాదు, నగరం' అనవచ్చు. ఆ మాటలో కొంత నిజముంది. కాని ఇల్లు కాలుతున్నప్పుడు నిప్పు పెట్టింది ఎవరని వాదిస్తూ కూర్చోలేము; ఎవరి చేతనైనన్ని నీళ్ళు వారు పోయాలి. పైగా ఆ నగరంలో అతడూ ఒకడే. అతని వాహనానికీ టైర్లున్నాయి.

ఆ చేప మీద హక్కు గలవారు మరికొందరున్నారు. ఆ జలాల్లో తిరిగే ఒక ప్రత్యేక సమూహానికి చెందిన ఓర్కా తిమింగలాలకు చినూక్ ప్రధానాహారం. వాటి సంఖ్య వందకు లోపే. ఆహారపు కొరత, పడవల చప్పుడు, కాలుష్యం వాటికి ప్రధానమైన ముప్పులు. 2018లో ఒక తల్లి ఓర్కా పుట్టిన కొద్దిసేపటికే మరణించిన తన బిడ్డను 17 రోజులపాటు మోసుకొని తిరిగింది. ఆ దృశ్యం ప్రపంచాన్ని కదిలించింది. 2025 జనవరి నుండి వాషింగ్టన్ జలాల్లో పడవలు ఈ తిమింగలాలకు 1,000 గజాల దూరంలో ఉండాలని చట్టం అమలులోకి వచ్చింది.

ఇక ఆదివాసుల మాట. 1854, 1855 సంవత్సరాలలో వారు తమ భూములలో అత్యధిక భాగాన్ని అమెరికా ప్రభుత్వానికి అప్పగిస్తూ చేసుకున్న ఒప్పందాలలో, తమ సంప్రదాయ స్థలాలలో చేపలు పట్టుకొనే హక్కును నిలుపుకున్నారు. తరువాతి కాలంలో ఆ హక్కును వినియోగించుకున్నందుకే వారిని అరెస్టు చేశారు. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్ 14 ఏళ్ళ వయస్సులో మొదటిసారి అరెస్టయ్యాడు. జీవితంలో 50 సార్లకు పైగా నిర్బంధానికి గురైనా పోరాటం మానలేదు. 1974లో న్యాయమూర్తి జార్జ్ బోల్ట్, పట్టదగిన చేపలలో సగం వరకు ఆ తెగలకు చెందుతాయని తీర్పునిచ్చాడు. నాడు ఆ తీర్పును తీవ్రంగా వ్యతిరేకించినవారిలో సరదాకు గాలం వేసేవారు కూడా ఉన్నారు. 1979లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ప్రధానంగా సమర్థించింది. ఒకరికి చేప వినోదం. మరొకరికి తాతల నాటి మాట. ఈ రెండింటినీ ఒకే త్రాసులో తూచలేము.

'అలాగైతే సరదా వేటను పూర్తిగా మానవచ్చు కదా! వదిలిన చేపలన్నీ బ్రతుకుతాయా? ఇది పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం కాదా?' అని ప్రశ్నించేవారున్నారు. ఈ ఆక్షేపణ బలమైనదే. వదిలిన చేపలలో కొన్ని చనిపోతాయి. అధికారులు కూడా వాటిని నష్టంగానే లెక్కిస్తారు. అందుకే అనుమతించిన సంఖ్య పూర్తి కాగానే వేటను మూసివేస్తారు. కొన్నిచోట్ల చినూక్ వేట కొద్ది రోజులకే ముగుస్తుంది. సంవత్సరమంతా ఎదురుచూసినవాడు ఆ రోజున గొణగకుండా పడవ కట్టివేయాలి.

అయినా నేను నిషేధాన్ని కోరను. చూడని దానిని మనిషి ప్రేమించలేడు. చల్లని ఉదయాన ఆ చేప బలాన్ని తన చేతులతో అనుభవించినవాడు, దాని నది ఎండితే బాధపడతాడు. అట్టివాడు చెల్లించే లైసెన్సు రుసుము మత్స్య సంరక్షణకు తోడ్పడుతుంది. తెగిన ఆ బంధాన్ని నిషేధం తిరిగి కలపలేదు.

వరుస పాటించడం ఎలా ఉంటుందో ఎల్వా నది చూపించింది. ఆ నదిపై వందేళ్ళకు చేరువగా నిలిచిన రెండు ఆనకట్టలను 2011, 2014 సంవత్సరాల మధ్య తొలగించారు. సాల్మన్ తిరిగి ఎగువకు చేరింది. నదిలో చేపలవేటను ఏళ్ళ తరబడి నిలిపివేశారు. 2023లో తలుపు కొద్దిగా తెరిచినప్పుడు, ముందుగా ఆ నదినే నమ్ముకున్న క్లాలమ్ తెగవారికి పరిమితంగా కోహో వేటకు అవకాశం కలిగింది. సరదా గాలాలు ఒడ్డుననే ఆగినాయి. మొదట చేప, తరువాత దానిపై జీవించేవారు, చివరకు వినోదం: ఇదే ఆ వరుస.

ఈ విషయం మనకు దూరమైనది కాదు. సముద్రం నుండి గోదావరిలోకి ఎదురీదే పులసది కూడా ఇటువంటి ప్రయాణమే. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట దాని దారికి అడ్డం. 'పుస్తెలమ్మైనా పులస తినాలి' అని సామెత చెప్పుకున్నాము. దాని రుచిని అంతగా మెచ్చినవారము, దాని రాకను కాపాడే మాట ఒక్కటైనా సామెతగా చెప్పుకోలేదు. గుడ్లతో నిండి ఏటికి ఎదురువచ్చే చేపను కొన్నాళ్ళు విడిచిపెట్టడం మన రుచికి నష్టం కాదు, మన మనుమల రుచికి పెట్టుబడి.

ప్యూజెట్ సౌండ్‌లోని ఆ చిన్న పడవ వైపు మరొక్కసారి చూద్దాం. రెక్క ఉన్న చేప గాలం వీడి ఒక్క క్షణం నీటిలో నిలిచి, తోక విదిల్చి లోతుకు వెళ్ళిపోయింది. పడవలోని మనిషి ఖాళీ చేతులతో ఇంటికి బయలుదేరాడు. అతడు ఓడిపోయినట్లు కనిపించవచ్చు. కాని ఆ చేప తన నదికి చేరి గుడ్లు పెడితే, మరికొన్నేళ్ళకు అతని కుమార్తె కూడా అదే నీటిమీద గాలం పట్టుకొని ఎదురుచూడగలదు.