మాంసము మానిన యింటి కంచము

“డాక్టరుగారు యాటకూర మానుమన్నారు” అను మాట యీ మధ్య మా జహీరాబాదులో ఏ యరుగుమీద కూర్చున్నను వినవచ్చుచున్నది. ఇంటి యజమానునకు నలువది యేండ్లు దాటును; రక్తపుపోటో, కొలెస్టరాలో, కాలి బొటనవ్రేలి వాపో కనబడును; వైద్యుడు చీటి వ్రాసి, మాంసము తగ్గింపుమనును. ఆ చీటి యెవరి పేర వ్రాయబడినదో వారికే కాక ఆ యింటి పొయ్యి కంతటికిని వర్తించుచున్నది. ఒక్కరి కొఱకు వేఱు వంట యేల యని యిల్లాలును మానును, బిడ్డలును మానుదురు. సోదరీమణులారా, ఈ మాసమున మేము చెప్పదలచినది ఆ యిల్లాలి కంచమును గూర్చి.

వైద్యులు ఎఱ్ఱమాంసమని చెప్పునది మేక, గొఱ్ఱె, ఎద్దు, ఎనుము, పంది మొదలగు నాలుగుకాళ్ల జంతువుల మాంసము. కోడియు చేపయు ఇందు చేరవు. దీనిని తగ్గించుటవలన మేలు లేదని మే మనము. ఆ మాంసపు క్రొవ్వు నెత్తురులోని చెడు కొలెస్టరాలును పెంచును. దానికి బదులు పప్పులు తినినచో కొన్ని వారములకే యది దిగుట పరీక్షలో కనబడును. యూరికామ్లము హెచ్చి కీళ్లు వాచువారికిని ఉపశమనము కలుగును. 2015వ సంవత్సరమున ప్రపంచారోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ పది దేశముల నిపుణులను 22 మందిని ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున సమావేశపఱచెను. ఉప్పు పట్టించియో పొగబెట్టియో నిలువచేసిన మాంసము పెద్దప్రేగు కాన్సరునకు నిశ్చయముగా కారణమనియు, తాజా యెఱ్ఱమాంసము కారణము కాదగుననియు వారు తేల్చిరి. దినమునకు 50 గ్రాముల నిలువ మాంసము తినువారికి ఆ ప్రమాదము నూటికి 18 పాళ్లు హెచ్చును. అనగా తినని వారిలో నూఱుగురికి వచ్చుచోట, అంతే సంఖ్యగల తినువారిలో నూటపదునెనిమిదిమందికి వచ్చునని యర్థము. జాతర మఱునాడు ఉప్పును పసుపును రాచి దండెముపై నెండవేయు ముక్కలును ఈ నిలువ మాంసపు జాతిలోనివే యని మనవారు తలపరు.

అట్లని పూర్వులు మాంసమును నిందింపలేదు. దేహమును పుష్టిపఱచు పదార్థములలో చరకుడు దానికే అగ్రస్థాన మిచ్చెను. నలపాకమని మనము పప్పుచారును మెచ్చుకొందుము గాని, సంస్కృత భారతమున దమయంతి బాహుకుని నలునిగా పోల్చుకొన్న గుఱుతులలో నాతడు వండిన మాంసపు రుచి యొకటి! ఇంత పుష్టికరమైన దానిని కంచమునుండి తీసినప్పుడు ఆ చోట నేమి పెట్టితిమన్నదే ప్రశ్న.

సామాన్యముగా పెట్టున దేమి? తెల్లని యన్నము మఱి రెండు గరిటెలు, ఆలుగడ్డ వేపుడు, అప్పడము, ఊరగాయ. దీనితో యజమానుని చక్కెర హెచ్చును, ఉప్పు హెచ్చును. మానిన ఫలము సగము మాయమగును. ఇల్లాలి సంగతి అంతకన్న కష్టము. ఆమె ఎన్నడును కడుపునిండ మాంసము తిన్నది కాదు. అందఱకు వడ్డించి కడపట కూర్చుండునామెకు చట్టి అడుగున పులుసును రెండు ముక్కలును మిగిలెడివి. శ్రావణమున నెట్లును మానెడిది. ఇప్పు డా రెండు ముక్కలును పోయినవి. క్రొవ్వు హెచ్చినవా డొకడు, పథ్యము చేయున దొకతె.

భారత వైద్య పరిశోధనా మండలి 2020లో నిర్ణయించిన లెక్క చూడుడు. దినమునకు పురుషునకు 19 మిల్లీగ్రాముల యినుము కావలయును, స్త్రీకి 29. నెలనెల పోవు నెత్తురే యీ భేదమునకు ముఖ్యకారణము. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో దేశమందలి 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనత గలవారని తేలినది. మెట్లెక్కునప్పుడు ఆయాసము, మధ్యాహ్నపు తలనొప్పి, బియ్యమో మట్టియో నమలవలెనను కోరిక: వీనిని మనము బద్ధకమనియు చాపల్యమనియు పేర్లు పెట్టి త్రోసివేయుదుము.

పప్పుధాన్యములలో ఇనుము లేకపోలేదు. నూఱు గ్రాముల ఉలవలలో సుమారు 8 మిల్లీగ్రాములు, సజ్జలలో 6 మిల్లీగ్రాములు కలవు; కాగితముమీద నిది మేకమాంసమునకు తీసిపోదు. కాని మాంసపు టినుములో నొక భాగము నెత్తురు రంగుతో కూడినదై, దానిలో నూటికి 15 మొదలు 35 పాళ్లు దేహమున కెక్కును. ధాన్యపు టినుము తరచుగా పదవవంతైన నెక్కదు. ఎక్కించుటకు నిమ్మ, ఉసిరిక, జామ వంటి పులుపు పండ్లు తోడు కావలెను, అడ్డుపడునది చాయ. భోజనము కాగానే చాయ త్రాగు నలవాటు మా యూర మెండు. గంటసేపు ఆగిన చాలును. ఉలవలను, పెసలను రాత్రి నానబెట్టి మొలకెత్తించినచో లోపలి యడ్డంకి కొంత తొలగును.

ఇనుమొక్కటియే చాలదు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణుల రక్తహీనతను పరిశోధించెను. ఈస్టు సారమున నున్న యేదో పదార్థ మా వ్యాధిని కుదుర్చునని యామె కనిపెట్టెను. దానినే 1941లో ఇతర శాస్త్రజ్ఞులు పాలకూరనుండి వేఱుచేసి, ఆకు పేరుమీదనే ఫోలిక్ ఆమ్లమనిరి.

ఆకుకూరలకు మా సీమలో కొఱత లేదు. మా పట్టణము ప్రక్కనే పస్తాపురమున 1983లో ఆరంభమైన దక్కను డెవలప్‌మెంటు సొసైటీ సంఘములలో నిరుపేద దళిత స్త్రీలు బీడుపడిన యెఱ్ఱనేలలలో జొన్న, కొఱ్ఱ, సామ, సజ్జ, తైదలను కంది, అనుములతో కలిపి మరల పండించిరి. ఏటేట పాతపంటల జాతర చేయుదురు. ఎడ్లబండ్లమీద విత్తనములు ఊరూర తిరుగును. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమాన మిచ్చెను. ఆ చేలగట్ల విత్తకయే మొలచు తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి పట్టణపు ఇల్లాండ్రకు కలుపు. ఆ స్త్రీలకు కూర. వీరి వంటిండ్లను చూచి నేర్చుకొనుటకు మనకు సిగ్గేల? జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చియుల్లి, పిండిన నిమ్మచెక్క: మాంసము మానిన యింటికి మే మిదియే చెప్పుదుము.

ఇంకొక మాట. బి పన్నెండవ విటమిను ఏ యాకులోను నమ్మదగినంత లేదు. పాలు, పెరుగు, గుడ్డు ఉన్నచోట భయము లేదు. అవియు మానినవారు అరికాళ్ల తిమ్మిరిని, నాలుక మంటను ఉపేక్షింపక వైద్యుని అడుగవలెను. కాలేయమున నిలువయుండుటచే ఈ కొఱత ఏండ్లు గడచినగాని పైకి రాదు.

వైద్యుని చీటి యజమానునకు వచ్చిన నాడే ఇల్లాలును ప్రభుత్వాసుపత్రిలో నెత్తురు పరీక్ష చేయించుకొనవలెను. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు, గర్భిణులకు 11 గ్రాములకు తగ్గినచో ఒక్క కూరలతో తీఱదు. ఇనుప మాత్ర మ్రింగవలసినదే. మాత్ర వేసికొన్న దినములలో మలము నల్లబడును. దానికి బెదరి మానవలదు.