అల్లూరి సమాధి ఏ ఊళ్లో ఉంది?

అల్లూరి సీతారామరాజంటే మీకు ప్రాణం. సరే.

ఆయన సమాధి ఏ ఊళ్లో ఉందో చెప్పండి.

తెలీదా?

సినిమా డైలాగులు నోటికొచ్చు. భీమవరంలో 2022లో పెట్టిన 30 అడుగుల విగ్రహం ముందు ఫోటో కూడా దిగి ఉంటారు. ఆ సమాధి ఉన్న కృష్ణదేవిపేట మాత్రం ఎక్కడుందో తెలీదు!

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు పోలీసు స్టేషన్ల మీద పడ్డారు మన్యం వీరులు. పట్టుకెళ్లిన తుపాకుల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి మరీ సంతకం పెట్టాడు రాజు. అదీ తెగువంటే.

రెండేళ్లు తిరక్కుండానే అదే కృష్ణదేవిపేటకు శవమై వచ్చాడు. 1924 మే 7న కొయ్యూరులో చెట్టుకు కట్టేసి కాల్చారు. విచారణ లేదు. కోర్టు లేదు. శవాన్ని మంచం మీద మోసుకొచ్చి, ఫోటో తీసి, తాండవ నది ఒడ్డున దహనం చేశారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు నిండలేదు.

రాజు సమాధి ఉన్న పార్కులోనే గాం గంటందొర సమాధి కూడా ఉంది. ఆయనెవరో మీ పిల్లలకు ఎప్పుడైనా చెప్పారా?

రాజు అనుచరుడు, తలకు వెయ్యి రూపాయలు వెల కట్టినా లొంగని మనిషి. రాజు పోయిన నెలకే ఆయన్నీ చంపారు. మరో అనుచరుడు మల్లుదొరను అండమాన్ జైలుకు పంపారు.

వీళ్లంతా ఎందుకు తిరగబడ్డారో గుర్తుందా? 1882 అడవి చట్టం చూపించి పోడు మాన్పించారు, కట్టెపుల్ల తెచ్చుకుంటే నేరమన్నారు, పశువుల్ని మేపితే పన్నేశారు, కొండరోడ్ల పనికి ఈడ్చుకెళ్లి కూలి ఎగ్గొట్టారు, ఎదురు తిరిగితే మలబార్ పోలీసుల్నీ అస్సాం రైఫిల్స్‌నీ దింపారు, తెల్లవాడు పోయాక మనమేమో అటవీ హక్కుల చట్టం తేవడానికి 2006 దాకా ఆగాం, తెచ్చాక పట్టా కోసం గిరిజనుణ్ణి ఆఫీసుల చుట్టూ తిప్పాం, 2022లో జిల్లాకు అల్లూరి పేరు పెట్టి ఆయన సమాధిని పక్క అనకాపల్లి జిల్లాలో వదిలేశాం, ఆయన పేరున్న ఆ జిల్లాలోనే నిండు గర్భిణిని డోలీలో కొండ దింపే గతి పట్టిస్తున్నాం!

జయంతికో దండ. వర్ధంతికో దండ. అంతేనా?

సిగ్గనిపించడం లేదా?

కృష్ణదేవిపేట వెళ్లండి. పిల్లల్నీ తీసుకెళ్లండి. గంటందొర ఎవరో అక్కడ నిలబెట్టి చెప్పండి. తిరిగొచ్చాక మీరు ఓటేసినవాణ్ణి నిలదీయండి, మన్యంలో డోలీ ఎప్పుడు పోతుందని.

ఆ మాట అడగలేనివాళ్లకు అల్లూరికి దండ వేసే హక్కు లేదు.